కౌన్సెలింగ్ ఖర్చుకు సిప్ ఆపాలా?

ప్రశ్న: మాది చీమకుర్తి. గ్రానైట్ ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తాను. జీతం రూ.30,000. నాన్న పోయినప్పటి నుంచి నిద్ర సరిగా పట్టడం లేదు, లెక్కల్లో తప్పులు దొర్లుతున్నాయి. జనవరి నుంచి ఒంగోలులో వారం వారం కౌన్సెలింగ్‌కు వెళ్లాలనుకుంటున్నాను. సెషన్‌కు రూ.1,000. ముందే కడితే 24 సెషన్లకు రూ.20,000 చాలంటున్నారు. నెలకు రూ.3,000 సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టే పొదుపు), రూ.5,000 చీటీ కడుతున్నాను. రూ.40,000 ఎఫ్‌డీ ఉంది. సిప్ ఆపేయమంటారా? ఆరోగ్య బీమా ఈ ఖర్చు ఇస్తుందా?

జవాబు: సిప్ సాగనివ్వండి, చీటీ కట్టడం అసలే ఆపకండి. ఎఫ్‌డీ తీయండి. ఆ డబ్బు ఆసుపత్రిలో చేరితేనే ముట్టుకోవాలని పెట్టుకుని ఉంటారు. తిండి పెట్టే పనిలోనే తప్పులు వస్తుంటే, అంతకన్నా అత్యవసరం ఇంకేముంటుంది? గడువుకు ముందే తీస్తే వడ్డీ రేటులో సాధారణంగా అర శాతం నుంచి ఒక శాతం కోత పడుతుంది. మీ మొత్తానికి అది పెద్ద నష్టం కాదు. 12 సెషన్లకు, బస్సు చార్జీలకు కలిపి రూ.14,000 పక్కన పెట్టుకుని, మిగతాది మళ్లీ డిపాజిట్ చేయండి.

ప్యాకేజీ మాత్రం వద్దు. విడివిడిగా కట్టినా రూ.20,000కు 20 సెషన్లు వస్తాయి. అంటే 21వ సెషన్ నుంచే మీకు లాభం. ఆ కౌన్సెలర్ దగ్గర మీరు మనసు విప్పగలరో లేదో రెండు మూడు సార్లు కూర్చుంటే గానీ తెలియదు. కొత్త సంవత్సరం ఊపులో ఉన్నవారి దగ్గర జిమ్ములు ఏడాది చందా కట్టించుకునే పద్ధతే ఇదీనూ.

అంతకంటే ముందు ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్యులకు ఒకసారి చూపించుకోండి. మందులు కావాలో, మాటలు చాలో తేలుతుంది. దీనికి జనవరి రానక్కర్లేదు, సంక్రాంతి ఖర్చులు తీరనక్కర్లేదు. రాత్రిపూట మరీ భారంగా ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

ఇక బీమా సంగతి. శరీర వ్యాధులతో సమానంగా మానసిక వ్యాధులకూ బీమా ఇవ్వాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. కానీ చాలా పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే చెల్లిస్తాయి. ఓపీ కవర్ (ఆసుపత్రిలో చేరకుండా చేయించుకునే చికిత్సకు బీమా) లేకపోతే సెషన్ల ఖర్చు మీదే. ఇకపై కొత్త పాలసీ తీసుకుంటే, ఫారంలో అడిగిన చోట ఈ చికిత్స గురించి దాచకుండా రాయండి. దాస్తే రేపు వేరే జబ్బు క్లెయిమ్‌కు కూడా పేచీ పెడతారు.