ఎన్‌సీసీలో చేరితే ఆర్మీ ఆఫీసర్ అయిపోతారా?

ప్రశ్న: మా అమ్మాయి హనుమకొండలో డిగ్రీ మొదటి సంవత్సరం. ఎన్‌సీసీలో చేరింది. తెల్లవారకముందే పరేడ్, సెలవుల్లో క్యాంపులు. చదువు దెబ్బతింటుందేమోనని టెన్షన్. దీనితో ఆఫీసర్ ఉద్యోగం వస్తుందా?
– ఒక తండ్రి, పరకాల

జవాబు: ఎన్‌సీసీ ఉద్యోగం ఇవ్వదండీ. ఒక రాత పరీక్ష తప్పిస్తుంది, అంతే. అయితే ఆ పరీక్ష సీడీఎస్ (సైన్యంలో ఆఫీసర్ల ఎంపికకు యూపీఎస్సీ పెట్టేది), కాబట్టి అదేం చిన్న సంగతి కాదు. ఎన్‌సీసీ చివర్లో పరీక్ష రాసి తెచ్చుకునే 'సి' సర్టిఫికెట్‌లో కనీసం బి గ్రేడు, డిగ్రీలో 50 శాతం మార్కులు ఉంటే ఆర్మీ ఎన్‌సీసీ వాళ్లకోసం పెట్టిన స్పెషల్ ఎంట్రీకి దరఖాస్తు చేయొచ్చు. షార్ట్‌లిస్ట్ అయితే నేరుగా ఎస్‌ఎస్‌బీ (ఆఫీసర్లను ఎంపిక చేసే బోర్డు) ఇంటర్వ్యూకే పిలుస్తారు. అందులో నెగ్గి, మెడికల్ దాటి, మెరిట్‌లో నిలిస్తే చెన్నైలోని ఆఫీసర్ల శిక్షణ అకాడమీ (ఓటీఏ)లో 49 వారాల శిక్షణ. అందుకే మీ భయంలో సగం న్యాయం ఉంది: పరేడ్లు ఎంత బాగా చేసినా డిగ్రీలో 50 శాతం రాకపోతే ఈ దారి మూసుకుపోయినట్టే. క్యాంపు తేదీలు తెలియగానే లెక్చరర్లకు చెప్పి, ఇంటర్నల్స్ సంగతి ముందే మాట్లాడుకోమనండి. పరేడ్ హాజరు కూడా 75 శాతం లేకపోతే 'సి' పరీక్ష రాయనివ్వరు.

మన పిల్లలు ఎక్కువగా ఇంటిదారి పట్టేది ఎస్‌ఎస్‌బీ మొదటి రోజే. ఒక బొమ్మను 30 సెకన్లు చూపిస్తారు, నాలుగు నిమిషాల్లో కథ రాయాలి, తర్వాత గుంపులో కూర్చుని దానిమీద చర్చించాలి. రాసేవరకు బాగానే ఉంటారు. చర్చ మొదలవగానే ఇంగ్లిష్ తప్పు పోతుందేమోనని నోరు మెదపరు. దీనికి మందు కోచింగ్ కాదు, మీరు భయపడుతున్న ఆ క్యాంపులే. కొత్త ఊళ్ల అమ్మాయిలతో పది రోజులు ఒకే చోట ఉండి, వచ్చీరాని ఇంగ్లిష్‌లోనైనా పని చక్కబెట్టుకుంటే ఆ బెరుకు పోతుంది. బూట్ల పాలిష్, యూనిఫాం ఇస్త్రీ తనే చేసుకోనివ్వండి, అమ్మ చేతిలో పెట్టొద్దు.

ఇంకో మాట, ఇది నచ్చకపోవచ్చు. స్పెషల్ ఎంట్రీలో అమ్మాయిల ఖాళీలు దేశం మొత్తానికి ఒక్కో విడతలో వేళ్లమీద లెక్కపెట్టేన్ని. కాబట్టి సీడీఎస్ ద్వారా ఓటీఏకి కూడా ప్రయత్నించాలి, దానికి ప్రిపరేషన్ రెండో సంవత్సరంలోనే మొదలవ్వాలి. రెండిటికీ పెళ్లి కాకుండా ఉండాలన్న నిబంధన ఉంది. సంబంధాలు చూసే ఆలోచన ఉంటే ముందు అమ్మాయితో మాట్లాడండి.