బాప్తిస్మం తీసుకుని మూడేళ్ళయినా ఇంకా వాక్యం తప్పుగానే అర్థం చేసుకుంటున్నాను, నా విశ్వాసం నిజమైనదేనా?

నిజమైనదేనండి. నాకు బాప్తిస్మం అయ్యి 14 ఏళ్ళు, నన్నింకా సరిదిద్దుతూనే ఉన్నారు, అందుకే మీ ప్రశ్న చూడగానే రాయాలనిపించింది.

మాది నర్సాపురం దగ్గర. ఓ ఏడాది డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో కొత్త ఏడాదికని ఒక్కో వచనం రాసి ఇచ్చే వాగ్దాన కార్డుల్లో నాకొచ్చింది యిర్మీయా 29:11, అదేనండి, దేవుడి ఉద్దేశాలు సమాధానకరమైనవే గాని హానికరమైనవి కావు అని. అది నా రొయ్యల చెరువు గురించే అనుకున్నాను. ఆ ధైర్యంతో ఇంకో రెండెకరాలు లీజుకి తీసుకుని వనామీ రొయ్య పిల్లల్ని వేశాను, 45వ రోజున వైట్ స్పాట్ జబ్బు వచ్చేసింది, రొయ్యలు చిన్నవిగా ఉండగానే పట్టేసి వచ్చిన రేటుకి అమ్మేశాం. అప్పు మిగిలింది. దేవుడు మాట తప్పాడని మూడు నెలలు మందిరం గుమ్మం తొక్కలేదు.

సండే స్కూల్లో నాకు చెప్పిన మామ్మగారు ఒకరోజు ఇంటికే వచ్చారు. తిడతారనుకున్నా. టీ తాగి "ఒరే అబ్బాయ్, పదకొండు చదివావు సరే, పదో వచనం చదివావా?" అన్నారు. చూస్తే 70 ఏళ్ళు అని ఉంది! అసలది బబులోనుకి చెరపట్టుకుపోయిన యూదులకి యిర్మీయా రాసిన ఉత్తరం, అక్కడే ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటుకోండి అని పైనే ఉంది, అది విన్న పెద్దవాళ్ళలో చాలామంది తిరిగి రావడం చూడకుండానే పోయుంటారు, అయినా ఆ మాట వాళ్ళకిచ్చిందే కదరా అన్నారు. ఆ రోజు చాలా ఏడ్చాను.

అక్కడితో అయిపోలేదండి. అది తెలిశాక ఎవరు కార్డు చూపించినా అందరి ముందే "సందర్భం చూసుకోండి" అనేవాణ్ణి. అన్నయ్య హాస్పిటల్లో ఉంటే మా వదిన కార్డు చేత్తో పట్టుకుని ప్రార్థన చేసుకుంటుంది, ఆవిడతో కూడా అదే అన్నాను, ఇప్పటికీ గుచ్చుకుంటుంది నాకు. మళ్ళీ మామ్మగారే అపొస్తలుల కార్యములు 18 తీయించారు. యేసు గురించి బోధిస్తున్న అపొల్లోకి అప్పటికి బాప్తిస్మమిచ్చే యోహాను ఇచ్చిన బాప్తిస్మం ఒక్కటే తెలుసు, అకుల ప్రిస్కిల్ల దంపతులు సమాజమందిరంలో అతని మాటలు విన్నారు, తర్వాత తమ దగ్గరికి చేర్చుకుని ఇంకా పూర్తిగా చెప్పారు. "నేను నీకు ఎక్కడ చెప్పాన్రా, మందిరంలోనా, మీ ఇంట్లోనా?" అన్నారు. వదినకి క్షమాపణ చెప్పడానికి నాకింకో నెల పట్టింది.

అపొల్లోకి తెలిసింది తక్కువే గానీ అప్పటికే ఆయన ప్రభువు మార్గంలో ఉన్నవాడే అండి, మీరూ అంతే. ఒక వచనం మనసుకి తగిలితే ఆ అధ్యాయం మొదటినుంచీ చదవండి, ఇంట్లో కూర్చుని ఓపిగ్గా చెప్పే పెద్దవాళ్ళు మీ సంఘంలో ఎవరున్నారో చూడండి, వాళ్ళ దగ్గరికి మీరే వెళ్ళండి.