ఆటిక్‌లో నల్ల మరకలు: ఇన్‌స్పెక్షన్ రిపోర్టులో ఏం ఉండాలి?

న్యూజెర్సీలో పాత ఇల్లు కొంటున్నామని, ఆటిక్ (పైకప్పు కింద అటక లాంటి ఖాళీ చోటు) గురించి రిపోర్టులో "నల్ల మరకలు ఉన్నాయి, నిపుణుడికి చూపించండి" అన్న ఒక్క ముక్కే ఉందని, అది సరిపోతుందా అని అడిగారు. సరిపోదండి. అలాగని ఇన్‌స్పెక్టర్ "ఇది బ్లాక్ మోల్డ్ (నల్ల బూజు), ప్రమాదం" అని తేల్చేసినా తప్పే. అది ఏ రకం బూజో కంటితో చెప్పలేం, ల్యాబ్ చెప్పాలి. పైగా మోల్డ్‌ను నిర్ధారించడం మామూలు హోమ్ ఇన్‌స్పెక్షన్ పరిధిలోకి రాదు. అందుకే "మోల్డ్ లాంటి పెరుగుదల" అని రాస్తారు. ఆ మాటతో పేచీ లేదు, దాని తర్వాత ఏం రాశారన్నదే చూడాలి.

పనికొచ్చే రిపోర్టు ఇలా ఉంటుంది: "ఉత్తరం వాలు ప్లైవుడ్ షీతింగ్ (కప్పు కింద పరిచే చెక్క పలకలు) మీద, ఈవ్స్ (కప్పు చూరు) నుంచి మూడడుగుల ఎత్తు దాకా, సుమారు 40 చదరపు అడుగుల మేర మోల్డ్ లాంటి పెరుగుదల. మాయిశ్చర్ మీటర్ రీడింగ్ 19 శాతం. మేకుల మొనలు తుప్పు పట్టాయి. బాత్రూం ఫ్యాన్ డక్ట్ (గాలి గొట్టం) ఊడిపోయి గాలి ఆటిక్‌లోకే వస్తోంది. సాఫిట్ వెంట్లను (చూరు కింద గాలి వచ్చే సందులు) ఇన్సులేషన్ కప్పేసింది." దీనికి దగ్గర నుంచి, దూరం నుంచి తీసిన ఫొటోలు జత కావాలి. ఆటిక్‌లో ఎంతవరకు వెళ్లగలిగారో, ఏ మూల చూడలేకపోయారో కూడా రాయాలి.

మరక ఎక్కడుందన్న దాన్నిబట్టే కారణం సగం తెలుస్తుంది. చిమ్నీ చుట్టూనో పైపు చుట్టూనో ఉంటే వాన నీళ్ల లీకు. ఫ్యాన్ డక్ట్ పైన గుండ్రంగా ఉంటే ఆ డక్టే. ఉత్తరం వాలంతా పరుచుకుంటే చలికాలంలో ఇంట్లోంచి పైకెక్కిన తడి గాలి చల్లటి చెక్కకు తగిలి చెమ్మగా మారుతోందని. ఒక్క రాఫ్టర్ (కప్పును మోసే వాలు దూలం) మీదే నల్లగా ఉండి, పక్క చెక్క శుభ్రంగా ఉంటే, కలప మిల్లు నుంచే అలా వచ్చి ఉండొచ్చు. దానికి కంగారు అక్కర్లేదు.

మీటర్ రీడింగ్‌తో పాటు తేదీ, ఆ రోజు వాతావరణం కూడా ఉండాలి. ఆగస్టులో 12 శాతం చూపించినంత మాత్రాన సమస్య లేదనుకోకండి. జనవరిలో తడిసిన చెక్క ఈలోపు ఆరిపోయి ఉంటుంది. అప్పుడు తుప్పు పట్టిన మేకులే సాక్ష్యం.

వెంటిలేషన్ లెక్క రాసే ఇన్‌స్పెక్టర్లు తక్కువ. బిల్డింగ్ కోడ్ ప్రకారం ఆటిక్ నేల వైశాల్యంలో 150వ వంతు వెంట్ ఖాళీ ఉండాలి. పై భాగానికీ కింది భాగానికీ సరిగ్గా పంచడం లాంటి షరతులు కుదిరితే 300వ వంతు చాలు. అంటే 1,200 చదరపు అడుగులకు 8 గానీ 4 గానీ చదరపు అడుగులు. రిడ్జ్ వెంట్ (కప్పు కొప్పు దగ్గర గాలి బయటికి పోయే సందు) ఎంత బాగున్నా కింద సాఫిట్ మూసుకుపోతే గాలి ఆడదు.

సిఫార్సులో వరస ముఖ్యం. ముందు కారణం సరిచేయాలి: డక్ట్‌ను బయటిదాకా లాగాలి, బాఫిల్స్ (ఇన్సులేషన్ సాఫిట్ వెంట్లను మూసేయకుండా అడ్డు పెట్టే పలకలు) పెట్టాలి, ఆటిక్ మూతకు గాలి చొరకుండా సీల్ వేయాలి. ఆ తర్వాతే శుభ్రం చేయడం. తడి ఆగకుండా తెల్ల పెయింట్ కొట్టేస్తే మళ్లీ తేలుతుంది. అమ్మకానికి ముందు కొత్తగా పెయింట్ కొట్టిన షీతింగ్ కనబడితే అదీ రిపోర్టులో రాయాల్సిందే.

కంటికి కనబడే మోల్డ్‌కు శాంపిల్ పరీక్ష సాధారణంగా అక్కర్లేదని ఈపీఏ (అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ) మాట. సుమారు 10 చదరపు అడుగులు దాటితే సొంతంగా కాకుండా అనుభవమున్నవాళ్లతో చేయించడం మేలు. పరీక్షించేవాడూ శుభ్రం చేసేవాడూ ఒకరే కాకుండా చూసుకోండి. న్యూయార్క్, టెక్సస్‌లలో ఒకే పనికి ఒకరే రెండూ చేయడాన్ని చట్టమే ఒప్పుకోదు.

మీ ఇన్‌స్పెక్టర్‌కు ఇవాళే ఫోన్ చేసి చోటు, కొలత, రీడింగ్, కారణం నాలుగూ రాతపూర్వకంగా అడగండి. ఇన్‌స్పెక్షన్ గడువు దాటాక సెల్లర్‌ని క్రెడిట్ (రిపేరు ఖర్చు కింద తగ్గింపు) అడగడం కష్టం.