డౌట్ వస్తే పాపం కాదే అమ్మడూ, అడుగు

అమ్మడూ,

నీ మెసేజ్ చదివాను. చిన్నప్పట్నుంచి నమ్మినదాన్ని ఇప్పుడు ప్రశ్నించొచ్చా పెద్దమ్మా, పాపం ఏమైనా తగులుతుందా అన్నావు. ప్రశ్నించొచ్చు, ఇంకా మాట్లాడితే ప్రశ్నించాలి, కాకపోతే ఎలా అన్నదాంట్లోనే ఉంది విషయమంతా.

ముందు ఆ పాపం భయం తీసెయ్. నచికేతుడు చిన్న పిల్లాడు, సాక్షాత్తూ యముడి ముందు కూర్చుని చచ్చిపోయాక మనిషి ఉంటాడా ఉండడా అని అడిగాడు, యముడేమో దేవతలకే దీని మీద అనుమానం ఉండేది బాబూ ఇంకేదైనా కోరుకో అని ఏనుగులు, బంగారం, కోరినంత ఆయుష్షు ఆశ పెట్టినా వాడు కదల్లేదు. కృష్ణుడు కూడా అర్జునుడికి అంతా చెప్పాక, ఇదంతా బాగా ఆలోచించుకుని నీకెలా అనిపిస్తే అలా చెయ్యి అన్నాడు. ఖురాన్‌లో ఇబ్రహీం, చనిపోయినవాళ్ళని ఎలా బతికిస్తావో చూపించమని దేవుణ్ణే అడుగుతాడు, ఏం నమ్మకం లేదా అంటే ఉంది, మనసు కుదుటపడాలని అడుగుతున్నా అంటాడు. యేసు చనిపోయి మళ్ళీ లేచాడంటే ఆయన శిష్యుడు తోమా, ఆయన గాయాల్లో వేలు పెడితే గానీ నమ్మనన్నాడు, యేసు అతన్ని వెళ్ళగొట్టలేదు, ఇదిగో పెట్టి చూడు అన్నాడు. చూడకుండా నమ్మినవాళ్ళు ధన్యులు అని కూడా అన్నాడులే, అది దాచి సగమే చెప్తే నేను మోసం చేసినట్టు.

ఇప్పుడు నీ సంగతి. నీ డౌట్ అసలు దేని మీదో కాయితం మీద రాసుకో. దేవుడి మీదా, దేవుడి గురించి గ్రంథంలో రాసినదాని మీదా, ఇంట్లో పాటించే పద్ధతి మీదా, లేక దేవుడి పేరు చెప్పి నిన్ను తిట్టిన మనిషి మీదా? ఈ నాలుగూ వేరువేరు. చాలామంది ఆ మనిషి మీద కోపంతో దేవుణ్ణే వదిలేస్తారు, ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు. ఇంకొంతమంది రివర్స్, దేవుడి మీద ప్రేమతో ఆ మనిషి చేసే వెధవ పనులన్నీ భరిస్తారు, నన్నడిగితే అది ఇంకా ఘోరం.

అసలు కష్టం ఇక్కడుంది. వేరే మతంలో జరిగిన అద్భుతం గురించి వింటే నువ్వేం అడుగుతావ్? ఎవరు చూశారు, జరిగిన ఎన్నాళ్ళకి రాశారు, రాసినవాళ్ళకేం లాభం, ఇంకేదైనా కారణం ఉండొచ్చుగా అని. అవే ప్రశ్నలు అదే గొంతుతో నీదాన్ని కూడా అడుగు, అక్కడే అందరికీ గొంతు మారిపోతుంది. మొక్కుకున్నాక జ్వరం తగ్గితే దేవుడి దయ, తగ్గకపోతే దేవుడు పెట్టిన పరీక్ష అంటే, మరి ఏం జరిగితే నా నమ్మకం తప్పని ఒప్పుకుంటాను అని ఒకసారి అడుక్కో. ఈ ప్రశ్నకి నా నమ్మకాలు కొన్ని పోయాయి, కొన్ని నిలబడ్డాయి, ఏవేంటో చెప్పను, చెప్తే నువ్వు కాపీ కొడతావ్. దేవుడు లేడని ముందే తేల్చేసుకుని బయల్దేరినా ఇదే లెక్క, అదీ ప్రశ్నించడం కాదు.

ప్రార్థన ఆపేయాలా అన్నావు కదా, నెమ్మదిగా ఉంటే చేసుకో. నెమ్మది ఇచ్చినంత మాత్రాన అది నిజమైపోదు, అబద్ధమూ అయిపోదు.

ఎటు తేలుతుందో ముందే తెలీదు. గజాలీ అని బాగ్దాద్‌లో పేరుమోసిన పండితుడు, లోపలి గొడవతో పాఠం చెప్పడానికి నోరు పెగలని స్థితికొచ్చి 1095లో ఉద్యోగం వదిలేసి ఏళ్ళ తరబడి తిరిగాడు, చివరికి ఆ మతంలోనే సూఫీ దారి పట్టాడు. డార్విన్ పాస్టర్ అవుదామని కేంబ్రిడ్జ్‌లో చదివినవాడు, ఆయన నమ్మకం మెల్లమెల్లగా పోయింది, 1879లో ఒక ఉత్తరంలో నన్ను అజ్ఞేయవాది, అంటే దేవుడున్నాడో లేడో తెలీదనేవాడు, అనడమే కరెక్టేమో అని రాసుకున్నాడు. కానీ ఆయన భార్య ఎమ్మా మంచి భక్తురాలు. 1839లో పెళ్ళయిన కొత్తలో ఆయన అనుమానాలు చూసి దిగులుపడి, మనం శాశ్వతంగా ఒకరికొకరం కామేమో అనుకుంటే చాలా బాధేస్తుందని ఉత్తరం రాసింది. ఆయన దాన్ని జన్మంతా దాచుకున్నాడు, నేను పోయాక తెలుసుకో, దీన్ని ఎన్నోసార్లు ముద్దుపెట్టుకుని ఏడ్చాను అని దాని కిందే రాసిపెట్టాడు. ఆవిడ కోసం నమ్మినట్టు నటించలేదు, ఆవిడ నమ్మకాన్ని ఎగతాళీ చెయ్యలేదు.

అందుకని మీ అమ్మతో కాస్త చూసి మాట్లాడు. నీ ప్రశ్నలన్నీ దాని మీద ప్రాక్టీస్ చెయ్యకు. అడిగితే నిజం చెప్పు, అడక్కపోతే వెళ్ళి ప్రకటించాల్సిన పన్లేదు. ఇంకా చదువుకీ తిండికీ వాళ్ళ మీదే ఆధారపడ్డావు కాబట్టి గొడవ ముదిరేలా ఉంటే కొన్నాళ్ళు నోరు మూసుకో, అది పిరికితనమేం కాదు.

ఆ డిబేట్ వీడియోలు మాత్రం ఆపు తల్లీ, ఇటువాళ్ళైనా అటువాళ్ళైనా గెలవడానికే కూర్చుంటారు. అసలు గ్రంథం నువ్వే చదువు, వ్యాఖ్యానాలు తర్వాత. అడగాలనుకుంటే నాకు తెలీదు అని చెప్పగలిగే మనిషిని వెతుక్కో. అడగడమే తప్పు అన్నవాడి దగ్గర మాత్రం, నువ్వు అడిగితే వాడికి పోయేదేంటో గమనించు. ఎవరైనా పోయిన దుఃఖంలో ఉన్నప్పుడు ఇటు గానీ అటు గానీ తేల్చెయ్యకు, ఇప్పుడు నీకు తొందరేం లేదు.

వాదించాలనిపిస్తే ఫోన్ చెయ్యి, ఆదివారం పొద్దున ఖాళీగానే ఉంటా.

పెద్దమ్మ