ఆరాధన నడిపించే తమ్ముడికి

ప్రియమైన తమ్ముడికి,

ప్రభువు నామంలో వందనాలు. మొన్న ఆదివారం మీ సంఘంలో కూర్చున్నప్పటి నుంచి నీకు రాయాలనుకుంటున్నాను. పిల్లలకు పాటలు చక్కగా నేర్పించావు. వాయిద్యాల మీద నాకు ఫిర్యాదు లేదు; 150వ కీర్తనలో బూర, తంబుర, మ్రోగే తాళాలు అన్నీ ఉన్నాయి. కలత వేరే ఉంది. దేవుడు మనకు ఏమేమి చేశాడో, ఇంకా ఏమి చేస్తాడో గంటసేపు పాడాం. ఆయన ఎవరో ఒక్క పాటలోనూ లేదు.

యెషయా 6వ అధ్యాయం మళ్ళీ చదువు, ఈసారి మోకాళ్ళ మీద. దేవుని సింహాసనం దగ్గర నిలిచిన, పాపమే ఎరుగని సెరాపులు అనే దూతలు రెండు రెక్కలతో ముఖం, రెండింటితో కాళ్ళు కప్పుకున్నారు. ఎగరడానికి వాడినవి రెండే. వారి స్వరానికి గడప కమ్ముల పునాదులు కదిలాయి. యెషయా నోట వచ్చిన మొదటి మాట ‘అయ్యో’. అతడు ఒప్పుకొన్నది పెదవుల అపవిత్రతను. అప్పుడు ఒక సెరాపు బలిపీఠం మీది నిప్పును అతని పెదవులకు తగిలించాడు. ప్రవక్తకు పెదవులే కదా పనిముట్టు! నీకూ నాకూ అంతే. శనివారం రాత్రి పాటల వరుస రాసుకునే ముందు ఆ నిప్పు నీ పెదవులకు తగలాలి. లేకపోతే మైకులో ఎంత చెప్పినా సంఘానికి భయభక్తులు రావు.

మొదటి పాట మన అవసరాల గురించి కాక ఆయన పరిశుద్ధత గురించి ఉండనివ్వు. పాటకూ పాటకూ మధ్య ప్రసంగం వద్దు. ‘నీ మాటలు కొద్దిగా ఉండవలెను’ అని బైబిల్లోని ప్రసంగి గ్రంథం చెప్పింది దేవుని మందిరానికి వెళ్ళేవారికే. వాక్యం చదివాక రెండు నిమిషాలు మౌనంగా ఉండు. కీబోర్డు కూడా ఆగాలి. మొదట్లో జనం దగ్గుతారు, పిల్లలు కదులుతారు, నీ గుండె దడదడలాడుతుంది. అయినా ఆ మౌనాన్ని నింపకు. ‘ఇంకా గట్టిగా’ అని సంఘాన్ని నేను ఏళ్ళ తరబడి అరిపించాను. ఒకరోజు ఒక ముసలమ్మ వచ్చి, ‘అయ్యగారూ, ఆయనతో మాట్లాడుకోవడానికి నాకు కాస్త సందు ఇవ్వండి’ అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

భయం చెబితే యువకులు దూరమవుతారని అన్నావు. యోహానును చూడు. చివరి విందులో ప్రభువు రొమ్మున ఆనుకున్న శిష్యుడు అతడే. పత్మాసు ద్వీపంలో ఆయన మహిమను చూసి చచ్చినవానివలె పాదాల దగ్గర పడ్డవాడూ అతడే. అప్పుడే కదా ప్రభువు కుడిచెయ్యి వేసి ‘భయపడకుము’ అన్నది! మన పిల్లలకు ఆ మాట వినిపించాలంటే ముందు ఆ మహిమను చూపించాలి.

వచ్చే మొదటి ఆదివారం ప్రభుబల్ల ఉంది కాబట్టి అక్కడే మొదలుపెట్టు. రొట్టె విరిచేటప్పుడు తొందరపడకు. నేనూ వస్తాను. వెనక చాప మీద కూర్చుని నీ కోసం ప్రార్థిస్తుంటాను.

ప్రభువులో,
నీ అన్న