బెంగళూరులో కారు మెకానిక్ పని నేర్చుకోవాలంటే ఐటీఐ చేయాలా, నేరుగా షెడ్డులో చేరాలా?

మీకు 21 ఏళ్లు, ఇంటర్ అయింది, రెండేళ్లుగా మారతహళ్లిలో డెలివరీ పని చేస్తున్నారు. కారు మెకానిక్ కావాలని ఉంది, ఇంట్లోవాళ్లేమో ‘మసి పని ఎందుకురా’ అంటున్నారని మీ ప్రశ్నలో రాశారు. నాదీ అదే కథ కాబట్టి కొంచెం వివరంగానే రాస్తున్నాను. 2008లో మదనపల్లె నుంచి వచ్చి విల్సన్ గార్డెన్‌లో ఒక షెడ్డులో చేరాను. ఇప్పుడు కేఆర్ పురం దగ్గర సొంత షెడ్డు ఉంది, నా దగ్గర నలుగురు కుర్రాళ్లు పనిచేస్తున్నారు.

నా మాట వింటే రెండూ చేయండి. నేను ఐటీఐ చేయలేదు. పని చేతికి వచ్చాక కంపెనీ సర్వీస్ సెంటర్లకు వెళ్తే సర్టిఫికెట్ ఏదని అడిగి పంపేశారు. అప్పుడు చాలా బాధపడ్డాను. మెకానిక్ మోటార్ వెహికల్ కోర్సు రెండేళ్లు, మెకానిక్ డీజిల్ ఒక ఏడాది. పది పాసైతే చాలు. హోసూరు రోడ్డులో ప్రభుత్వ ఐటీఐ ఉంది, వెళ్లి సీట్ల సంగతి కనుక్కోండి. అది అయ్యాక అప్రెంటిస్‌గా చేరితే స్టైపెండ్ వస్తుంది, చివర్లో ఇంకో సర్టిఫికెట్ కూడా చేతికి వస్తుంది. చదువుకునే రోజుల్లోనే సాయంత్రాలు, ఆదివారాలు ఏదో ఒక షెడ్డుకు వెళ్తూ ఉండండి. పానా పట్టని చేతికి క్లాసులో చెప్పింది అంటదు.

షెడ్డులో మొదటి ఆరు నెలలు పార్టులు డీజిల్‌తో కడగడం, టైర్లు విప్పడం, జేసీ రోడ్డుకు వెళ్లి సామాను తేవడం, ఇంతే. విసుగు పడకండి. ఒకే కారుకు మోడల్ ఏడాదిని బట్టి బ్రేక్ ప్యాడ్ మారిపోతుందని నేను తెలుసుకున్నది ఆ షాపుల కౌంటర్ల దగ్గరే. ఇంకోటి, కన్నడ త్వరగా నేర్చుకోండి. చిత్తూరు, అనంతపురం నుంచి వచ్చిన క్యాబ్ డ్రైవర్లతో తెలుగులో గడిచిపోతుంది కానీ, ‘ఎడమవైపు తిప్పితే టకటకమంటోంది’ లాంటివి కస్టమర్ ఏ భాషలో చెప్పినా మనకు అర్థం కావాలి.

అసలు పని ఏంటో నాకు అర్థమైంది మూడో ఏడాదిలో. మేస్త్రీ ఊరెళ్లినప్పుడు ఒక క్యాబ్ అన్న వచ్చాడు. పొద్దున్నే సెల్ఫ్ (ఇంజిన్‌ను స్టార్ట్ చేసే మోటార్) బరువుగా తిరుగుతోందట. నేను చూడగానే బ్యాటరీ పోయిందని చెప్పి కొత్తది వేయించాను. నాలుగు రోజులకు మళ్లీ వచ్చాడు. సెల్ఫ్ మోటార్ విప్పి కార్బన్ బ్రష్‌లు మార్చాను. మర్నాడూ అదే పరిస్థితి. ఈలోగా మేస్త్రీ వచ్చి, ‘విప్పేముందు ఏం కొలిచావురా?’ అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

ఆయన వోల్టులు కొలిచే మల్టీమీటర్ తీసి, దాని నల్ల వైరు బ్యాటరీ నెగటివ్ మీద, ఎర్ర వైరు ఇంజిన్ బ్లాక్ మీద పెట్టి సెల్ఫ్ కొట్టమన్నాడు. 1.4 వోల్టులు చూపించింది. అక్కడ అర వోల్టు కూడా రాకూడదు. గేర్‌బాక్స్ దగ్గర ఎర్త్ వైరు (బ్యాటరీ నెగటివ్‌ను ఇంజిన్‌కు కలిపేది) బోల్టు విప్పితే దాని కింద పచ్చగా చిలుము పట్టి ఉంది. ఎమెరీ పేపర్‌తో రుద్ది బిగించాం, పది నిమిషాల పని. ‘అయితే బ్యాటరీ బాగానే ఉండిందా?’ అన్నాడు ఆ అన్న మెల్లగా. తల ఎత్తలేకపోయాను. ఆ డబ్బు మూడు నెలలు నా జీతంలోంచి కట్టాను.

అందుకే మీరు కొనే మొదటి సామాను మల్టీమీటర్ కావాలి. ఆగి ఉన్న కారుకు బ్యాటరీ దగ్గర 12.6 వోల్టులు, ఇంజిన్ నడుస్తుంటే 14కి అటూఇటూ ఉండాలి. రోజూ వచ్చిన ప్రతి కారుకూ కొలిచి పుస్తకంలో రాసుకోండి. కారు కంప్యూటర్‌లోని తప్పు కోడ్‌లు చదివే స్కానర్ ఉంది కదా అనకండి. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 పొగ నిబంధనలు వచ్చాక సెన్సర్లు పెరిగాయి, స్కానర్ లేకుండా పని జరగదు, నిజమే. కానీ అది పీ0301 అని చూపిస్తే ఒకటో సిలిండర్ సరిగ్గా మండటం లేదని మాత్రమే అర్థం. నిప్పురవ్వ ఇచ్చే ప్లగ్గు కావచ్చు, దానికి కరెంటు ఇచ్చే కాయిల్ కావచ్చు, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ కావచ్చు. ఒకటో సిలిండర్ కాయిల్‌నూ రెండో సిలిండర్ కాయిల్‌నూ అటూఇటూ మార్చి మళ్లీ నడిపి చూడండి. కోడ్ పీ0302కి మారిందంటే కాయిల్‌దే తప్పు. పైసా ఖర్చు లేకుండా తెలిసిపోతుంది.

ప్లగ్గు బిగించేటప్పుడు ముందు చేత్తోనే తిప్పండి. అల్యూమినియం హెడ్‌లో త్రెడ్డు పోతే పెద్ద పని పడుతుంది. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలో నారింజ రంగు కేబుళ్లు కనిపిస్తే ట్రైనింగ్ లేకుండా ముట్టుకోవద్దు, ప్రాణం పోతుంది.

జీతం మొదట్లో డెలివరీ కంటే తక్కువే ఉంటుంది. ఇంట్లో ఆ సంగతి ముందే చెప్పేయండి. నన్ను చేర్చుకున్నప్పుడు నెలకు 2,500 ఇచ్చారు, పని వచ్చాక పెరుగుతూ పోయింది.

షెడ్డులో చేరేముందు అరగంట అక్కడే నిలబడి చూడండి. పని నేర్చుకునే కుర్రాళ్లు అడిగితే మేస్త్రీ చెబుతున్నాడా, కసురుకుంటున్నాడా? కారు కింద స్టాండ్లు పెడుతున్నారా? వట్టి జాకీ మీద నిలిపి కిందికి దూరుతుంటే మాత్రం, ఎంత జీతం ఇస్తామన్నా అక్కడ చేరకండి.