రేస్ ప్యాడ్లతో ట్రాక్ దాకా నడుపుకుంటూ వెళ్లొచ్చా?

"అన్నా, వచ్చే నెల మొదటిసారి ట్రాక్ డేకి వెళ్తున్నా. రేస్ బ్రేక్ ప్యాడ్లు వేసుకుంటే ఇంటి నుంచి ట్రాక్‌కి, మళ్లీ ఇంటికి వాటితోనే నడిపేయొచ్చు కదా? మాటిమాటికీ మార్చడం ఎందుకు?"

కొత్తగా వచ్చిన మన కుర్రాళ్లు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఇది. పరాయి దేశం వచ్చి, ఉద్యోగంలో కుదురుకుని, ఇష్టపడి ఒక కారు కొనుక్కున్నాక ట్రాక్ డేకి, అంటే సొంత కారుని రేస్ ట్రాక్ మీద నడపనిచ్చే రోజుకి, వెళ్లి దాన్ని నడిపి చూడాలనిపించడం సహజమే. నేనూ అలాగే మొదలుపెట్టాను. అందుకే ఒక్క ముక్కలో తేల్చేయకుండా కాస్త వివరంగా చెబుతాను.

నా సలహా ఏమిటంటే, నడపొద్దు. ట్రాక్ చేరాక ప్యాడ్లు మార్చుకోండి, బయల్దేరే ముందు మళ్లీ పాతవి, అంటే రోడ్డు మీద వాడే స్ట్రీట్ ప్యాడ్లు వేసుకోండి. ఆ పని చేతకాకపోయినా, ఓపిక లేకపోయినా, ప్రస్తుతానికి రేస్ ప్యాడ్ల జోలికి వెళ్లకండి. మొదటి రెండు మూడు ట్రాక్ డేలకు వాటి అవసరం కూడా ఉండదు.

రేస్ ప్యాడ్ అంటే మేలురకం, స్ట్రీట్ ప్యాడ్ అంటే నాసిరకం అని చాలామంది అనుకుంటారు. అసలు తేడా నాణ్యతలో లేదు, వేడిలో ఉంది. చక్రంతో పాటు తిరిగే డిస్క్‌ని ప్యాడ్లు రెండు వైపుల నుంచి నొక్కుతాయి. బ్రేక్ చేసే పని కారు వేగాన్ని వేడిగా మార్చడమే. వేగం రెట్టింపైతే ఆ వేడి నాలుగింతలవుతుంది. ఊళ్లో గంటకు 50 కిలోమీటర్ల వేగం నుంచి పూర్తిగా ఆగినప్పుడు పుట్టే వేడి కన్నా, ట్రాక్ మీద 200 నుంచి 100కి తగ్గించినప్పుడు పుట్టేది 12 రెట్లు ఎక్కువ. పైగా అది ఒక్కసారితో అయిపోదు, ప్రతి ల్యాప్‌లోనూ ప్రతి పెద్ద మలుపు ముందూ అంతే. రోడ్డు మీద డిస్క్ 200 డిగ్రీల సెల్సియస్ దాటడమే అరుదు. ట్రాక్ మీద 400, 500 మామూలే. రేస్ ప్యాడ్‌ని ఆ రెండో లోకం కోసం తయారుచేస్తారు. హైవే మీద గంటసేపు బ్రేక్ తొక్కకుండా వెళ్లే కారులో దానికి కావలసిన వేడి ఎక్కడి నుంచి వస్తుంది?

ఇక్కడ ఒక్క మాట నిజాయతీగా చెప్పాలి. రేస్ ప్యాడ్ చల్లగా ఉంటే కారు అసలు ఆగదనేది అతిశయోక్తి. ఈ రోజుల్లో వచ్చేవాటిలో చాలా ప్యాడ్లు చలిలోనూ కొంత పట్టు ఇస్తాయి. ప్రమాదం ఎక్కడంటే, మొదటి తొక్కుడుకి ఎంత పట్టు వస్తుందో మీ కాలికి ముందే తెలియకపోవడంలో. ఒకసారి నేను సాయంత్రం ట్రాక్ నుంచి వర్షంలో తిరిగి వస్తున్నాను. రేస్ ప్యాడ్లే ఉన్నాయి, మార్చే ఓపిక లేక అలాగే బయల్దేరాను. చాలాసేపు బ్రేక్ ముట్టుకోలేదు. హైవే దిగే చోట ముందు కార్లన్నీ ఆగి ఉన్నాయి. పెడల్ తొక్కితే ఒక క్షణం ఏమీ జరగలేదు. డిస్కుల మీద నీళ్లు, ప్యాడ్లలో చలి. కంగారుగా ఇంకా గట్టిగా తొక్కాను. అప్పుడు ఒక్కసారిగా పట్టింది, ఏబీఎస్ గడగడలాడింది, ముందున్న కారుకి రెండు మూడు అడుగుల దూరంలో ఆగాను. పక్క సీట్లో మా ఆవిడ ఉంది. ఆ రోజు నుంచి ట్రాక్ ప్యాడ్లతో రోడ్డెక్కలేదు.

ప్రాణభయం అలా ఉంచితే డిస్కుల సంగతి ఉంది. వేడెక్కిన ప్యాడ్ తనలోని పదార్థాన్ని పలుచని పొరగా డిస్క్ మీద పరుస్తుంది. ఆ పొరకీ ప్యాడ్‌కీ మధ్య అతుక్కునే గుణమే ట్రాక్ మీద మనకు దొరికే పట్టు. బెడింగ్ చేయడమంటే ఆ పొరను పద్ధతిగా వేయడమే. అదే ప్యాడ్ చల్లగా ఉన్నప్పుడు ఆకురాయిలా పనిచేస్తుంది. కష్టపడి వేసిన పొరను గీకేస్తుంది, ఆ తర్వాత డిస్క్ ఇనుమునే తినేస్తుంది. రెండు గంటలు రోడ్డు మీద నడిపి ట్రాక్ చేరేసరికి పొర అక్కడక్కడా మిగిలి, మొదటి సెషన్‌లోనే స్టీరింగ్ వణుకుతుంది. "డిస్క్ వంగిపోయిందన్నా" అని ఫోన్ చేస్తారు. చాలాసార్లు డిస్క్ వంగి ఉండదు, పొర ఎగుడుదిగుడుగా ఉంటుంది, అంతే. ఇక ప్రతి సిగ్నల్ దగ్గరా వచ్చే కీచుమనే శబ్దం గురించి చెప్పక్కర్లేదు, వీధి మొత్తం తిరిగి చూస్తుంది.

అలాగని స్ట్రీట్ ప్యాడ్లతోనే ట్రాక్ మీద రోజంతా గట్టిగా నడపమని నేననను. అది ఇంకా ప్రమాదం. వాటి హద్దు దాటి వేడెక్కితే పెడల్ గట్టిగానే ఉంటుంది, కారు మాత్రం ఆగదు. నేర్చుకునే దశలో ఉన్నవాళ్లకి నేను చెప్పేది మధ్యరకం. రోడ్డుకీ ట్రాక్‌కీ రెండింటికీ పనికొచ్చేలా చేసిన ప్యాడ్లు ఉన్నాయి. ఫెరోడో డీఎస్2500 ఆ కోవలోదే, చల్లగా ఉన్నప్పుడూ పట్టు ఇస్తుంది, ట్రాక్ వేడినీ చాలావరకు తట్టుకుంటుంది. కొంచెం చప్పుడు, కొంచెం దుమ్ము భరించాలి. మీ వేగం పెరిగి వాటిని కూడా ఫేడ్ చేస్తున్నారని, అంటే వేడికి వాటి పట్టు పోతోందని ఇన్‌స్ట్రక్టర్ చెప్పిన రోజున అసలైన రేస్ ప్యాడ్ల గురించి ఆలోచించండి. అప్పుడు కూడా ముందు చక్రాలకే వేసి వెనక మామూలువి వదిలేయకండి. ముందూ వెనకా బ్రేకుల తూకం మారిపోతుంది. తయారీదారు జతగా చెప్పినవి వేయండి.

ప్యాడ్ల కన్నా ముందు చూడాల్సింది బ్రేక్ ఫ్లూయిడ్, అంటే పెడల్ ఒత్తిడిని చక్రాల దాకా చేర్చే ద్రవం. పెడల్ మెత్తబడి లోపలికి దిగిపోతోందంటే ప్యాడ్లను డిస్క్‌కి నొక్కే కాలిపర్‌లో ఫ్లూయిడ్ మరిగి బుడగలు వచ్చాయని అర్థం. దానికి ప్యాడ్లు మార్చడమంటే పుండొకచోట, మందొకచోట. డాట్ 4 ప్రమాణం ప్రకారం కొత్త ఫ్లూయిడ్ కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155కి పడిపోతుంది. సెకండ్ హ్యాండ్ కారు కొన్నవాళ్లు అందులో ఎప్పటి ఫ్లూయిడ్ ఉందో ఊహించుకోండి. మోటుల్ ఆర్‌బీఎఫ్ 600 లాంటిది కొత్తగా ఉన్నప్పుడు 312 డిగ్రీల దాకా ఆగుతుంది. ట్రాక్ డేకి ముందు అలాంటిది పోయించుకోవడం మొదటి ఖర్చుగా పెట్టుకోండి.

మనవాళ్లు పొరబడే చోటు మరొకటి. అమెరికన్ కంపెనీలు ప్యాడ్ల వేడి హద్దుల్ని ఫారెన్‌హీట్‌లో ఇస్తాయి. 1000 అని చూసి మురిసిపోతాం, సెల్సియస్‌లో అది 538 మాత్రమే. పోల్చేటప్పుడు రెంటినీ ఒకే కొలతలోకి తెచ్చుకోండి. యూరప్‌లో ఉన్నవాళ్లు ఇంకోటి చూడాలి. రోడ్డు మీద వాడే ప్యాడ్‌కి ఈసీఈ ఆర్90 ఆమోదం ముద్ర ఉండాలి, అసలైన రేస్ ప్యాడ్లకు సాధారణంగా అది ఉండదు. ప్రమాదం జరిగి బీమా వాళ్లు కారు తనిఖీ చేస్తే సమాధానం చెప్పుకోవాల్సింది మీరే. పాలసీ కాగితం కూడా ఒకసారి చదవండి, ట్రాక్ మీద జరిగే నష్టాన్ని చాలా పాలసీలు మినహాయిస్తాయి.

మార్చడం మీరనుకున్నంత కష్టం కాదు. జాక్, స్టాండ్లు, టార్క్ రెంచ్, ప్యాడ్లను నెట్టే పిస్టన్లను వెనక్కి నొక్కే ఒక పిస్టన్ ప్రెస్ ఉంటే ముందు రెండు చక్రాలకీ చేయి తిరిగినవాళ్లకి అరగంట పని. మొదటిసారి మాత్రం ఇంటి దగ్గరే, తెలిసినవాళ్లను పక్కన పెట్టుకుని చేయండి. పిస్టన్లు వెనక్కి నెట్టేటప్పుడు రిజర్వాయర్‌లో ఫ్లూయిడ్ పైకి వస్తుంది, పొంగి పెయింట్ మీద పడకుండా చూసుకోండి. అన్నిటికన్నా ముఖ్యమైనది ఇది. ప్యాడ్లు మార్చాక కారు కదిపే ముందు పెడల్‌ని గట్టిపడేదాకా పంపు చేయండి. పిస్టన్లు వెనక్కి వెళ్లి ఉంటాయి కాబట్టి మొదటి తొక్కుడుకి పెడల్ నేలదాకా దిగుతుంది. ఈ ఒక్కటి మర్చిపోయి, ట్రాక్ పక్కన కార్లు నిలిపే పాడాక్‌లోనే పక్క కారుని గుద్దిన మనిషిని కళ్లారా చూశాను.

రెండు రకాల ప్యాడ్లు ఒకే డిస్క్ మీద వాడితే పొరలు కలిసి గొడవ పెట్టొచ్చు. ఒకే తయారీదారు నుంచి, కలిసి నడుస్తాయని చెప్పినవే తీసుకోండి. స్తోమత ఉంటే ట్రాక్‌కి వేరే డిస్కులు పెట్టుకోవడం ఇంకా మేలు. ప్యాడ్ మందం సగానికి వచ్చాక ట్రాక్‌కి తీసుకెళ్లకండి. పలచబడిన ప్యాడ్ వేడిని నేరుగా పిస్టన్‌కీ, అక్కడి నుంచి ఫ్లూయిడ్‌కీ పంపిస్తుంది.

చివరి సెషన్ అయ్యాక ఒక ల్యాప్ బ్రేకులు వాడకుండా నెమ్మదిగా తిప్పి తీసుకురండి. ఆపాక హ్యాండ్ బ్రేక్ వేయొద్దు, కారు గేర్‌లో ఉంచి చక్రానికి అడ్డు పెట్టండి. డిస్కులు చేయి దగ్గరపెడితే వేడి తగలనంత చల్లబడ్డాకే స్ట్రీట్ ప్యాడ్లు ఎక్కించండి, పెడల్ పంపు చేయండి, పాడాక్‌లో నాలుగైదుసార్లు మెల్లగా ఆపి చూసుకోండి. ఆ తర్వాతే రోడ్డెక్కండి. మర్నాడు చక్రాలు కడగడం వాయిదా వేయకండి. ఆ దుమ్ములో ఇనుప రజను ఉంటుంది, తడి తగిలితే తుప్పు పట్టి రిమ్ పెయింట్‌లోకి దిగిపోతుంది, ఆ తర్వాత ఎంత రుద్దినా రాదు.